మా మరిది మంచితనం

మా మరిది మంచివాడు. ఈ మాట ఎవరి నోట విన్నా నాకు ఒళ్ళు మండుతుంది. వీధి చివర టీ కొట్టతని దగ్గరి నుంచి చర్చిలో ముందు బెంచీ పెద్దమ్మ దాకా అందరిదీ ఒకటే పాట. "ఏం తమ్ముడమ్మా! అన్నగారి నీడలా తిరుగుతాడు. ఈ రోజుల్లో ఇలాంటి తమ్ముడు ఎవరికి దొరుకుతాడు?" అంటారు. అంత ముచ్చటగా ఉంటే మీరే తీసుకుపొండి తల్లీ అనాలనిపిస్తుంది. అనలేక నవ్వి ఊరుకుంటాను.

నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన రోజుల్లో వాడు మంచివాడు కాడు. వయసులో నాకంటే చిన్న, అల్లరిలో అందరికంటే పెద్ద. ఇంట్లో అందరికీ చిన్నోడు. అన్నదమ్ములిద్దరిదీ ఒకే బైండింగు షాపులో పని, ఒకే గదిలో కాపురం, ఒకే దువ్వెన. ఆ దువ్వెన దగ్గరే రోజూ యుద్ధం. వాడు మా ఆయన కొత్త చొక్కా తొడుక్కుని సినిమాకి చెక్కేసేవాడు. ఈయన వాడి సైకిల్ గాలి తీసేసి ఏమీ ఎరగనట్టు పేపరు చదువుకునేవాడు. మొదటి వారం వాళ్ళ అరుపులు విని, ఈ ఇంట్లో ఎవరో ఒకరు హత్యకు గురవుతారని మా అమ్మ దగ్గర ఏడ్చాను కూడా. కాసేపటికి చూస్తే ఇద్దరూ ఒకే మంచం మీద అడ్డంగా పడుకుని, కాళ్ళు గోడకు ఆనించి, దేనికో పగలబడి నవ్వుతూ ఉండేవాళ్ళు. వాళ్ళకు గొడవ అంటే కడుపు నిండిన తర్వాత తాంబూలం లాంటిదని నాకు అప్పటికి తెలియదు.

తర్వాత ఆ మిషను సంగతి జరిగింది.

షాపులో పుస్తకాల అంచులు కోసే మిషను ఒకటి ఉంది. పెద్ద ఇనుప బల్ల, పైనుంచి దిగే వెడల్పాటి కత్తి. చేతులు కత్తి కిందికి పోకుండా ముందు ఒక అడ్డుకమ్మీ ఉంటుంది. కట్ట పెట్టిన ప్రతిసారీ ఆ కమ్మీ ఎత్తాలి, దించాలి, అప్పుడు కోయాలి. పని నెమ్మదిగా సాగుతుంది. మా చిన్నోడికి నెమ్మది అనే మాట గిట్టదు. ఆ రోజు కమ్మీని తీగతో పైకి కట్టేసి, ఈల వేసుకుంటూ కోస్తున్నాడు. కాగితాల కట్ట కొంచెం పక్కకు జరిగింది. సర్దుదామని చెయ్యి లోపల పెట్టాడు. కాలేమో అప్పటికే కింద పెడల్ని నొక్కేసింది. ఎదురుగా నిలబడి కట్టలు అందిస్తున్న మా ఆయన తన కుడిచెయ్యి చాపి, వాడి చేతిని బయటికి తోసేశాడు. తోసిన చేతిని వెనక్కి తీసుకునే వ్యవధి ఆయనకు దొరకలేదు.

బొటనవేలు ఒక్కటే మిగిలింది. ఆసుపత్రిలో కళ్ళు తెరిచి నాతో అన్న మొదటి మాట, "వాడి చెయ్యి బాగుందా?" అని. బాగుందన్నాను. "అయితే సరే," అని మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

ఆ ఆసుపత్రి నుంచి మా ఆయన తిరిగొచ్చాడు గానీ ఆయన తమ్ముడు మాత్రం రాలేదు. తమ్ముడి బట్టలు తొడుక్కుని ఎవరో పనివాడు వచ్చాడు. పొద్దున్నే లేచి అన్నగారికి నీళ్ళు తోడి పెట్టేవాడు. చొక్కా గుండీలు పెట్టేవాడు. కింద కూర్చుని బూట్లకు లేసులు కట్టేవాడు. అన్న కూర్చుని ఉంటే కుర్చీ ఎక్కడు, అన్న తినందే తినడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి 'నువ్వు' అని పిలిచిన నోటితో 'మీరు' అనడం మొదలుపెట్టాడు. మా ఆయనకు షాపు యజమాని పేజీలు సరిచూసే పని ఇస్తే, ఆ కాగితాలు కూడా వీడే మోసుకొచ్చి బల్ల మీద పెట్టి, ఓ పక్కన చేతులు కట్టుకుని నిలబడేవాడు.

మొదట్లో నేనూ జాలిపడ్డాను. కొన్నాళ్ళకు పోతుందిలే అనుకున్నాను. పోలేదు సరికదా, నాలుగేళ్ళు తిరిగేసరికి అదే వాడి స్వభావమై కూర్చుంది. ఒకరోజు ఉండబట్టలేక, "అతి వినయం ధూర్త లక్షణం అంటారు, తెలుసా చిన్నోడా?" అని ఏడిపించాను. పాత చిన్నోడైతే నా పుట్టింటి వంశవృక్షం మొత్తం ఏకరువు పెట్టేవాడు. వీడు తల దించుకుని, "తప్పయితే క్షమించు వదినా," అన్నాడు. ఆ రోజు పొయ్యి దగ్గరికి పోయి గిన్నెల మీద నా కసి తీర్చుకున్నాను.

అన్నింటికంటే ఘోరం క్యారమ్సు. మా ఆయన ఎడమచేత్తో స్ట్రైకరు కొట్టడం కష్టపడి నేర్చుకున్నాడు. నెలల తరబడి ఒక్కడే కూర్చుని సాధన చేశాడు, తమ్ముడితో మళ్ళీ పోటీ పడాలని. ఆఖరికి ఒక ఆదివారం సాయంత్రం బోర్డు దించి, పౌడరు చల్లి, "రారా, చూసుకుందాం," అన్నాడు. ఆ గొంతులో ఎంత ఆశ ఉందో నాకు తెలుసు. చిన్నోడు కూర్చున్నాడు. కళ్ళు మూసుకుని కొట్టినా పడాల్సిన కాయిన్లను వరసగా తప్పించాడు. రెడ్డు కాయిను కన్నం నోటి దగ్గర కూర్చుంటే దాన్ని కూడా వదిలేశాడు. అన్న గెలిచాడు. "భలే ఆడారన్నయ్యా," అన్నాడు వీడు. మా ఆయన కాయిన్లన్నీ ఏరి డబ్బాలో పోసి, బోర్డును బీరువా మీదికి ఎక్కించేశాడు.

ఆ తర్వాత ఆయన ఇంకో ఉపాయం పన్నాడు. నాకు చెప్పలేదు గానీ నేను కనిపెట్టాను. కొత్త చొక్కా కొన్నప్పుడల్లా దాన్ని బీరువాలో పెట్టకుండా, గుమ్మం పక్కన మేకుకు తగిలించి వదిలేసేవాడు. వాడు దొంగతనంగా తొడుక్కుపోతాడేమోనని. సాయంత్రం చూస్తే చొక్కా అక్కడే ఉండేది, చక్కగా ఇస్త్రీ అయి. మా ఆయన ఆ మడతల మీద బొటనవేలు ఆడించి, "దీని మీద ఒక్క మరకైనా లేదే," అనేవాడు. ఇంట్లోనే ఉన్న మనిషి కోసం దారి చూస్తూ బతకడం ఎలా ఉంటుందో ఆయన్ని చూసే తెలుసుకున్నాను. ఊరెళ్ళినవాడైతే ఎప్పుడో ఒకప్పుడు వస్తాడని చెప్పుకోవచ్చు. కళ్ళెదురుగా నీళ్ళగ్లాసు పట్టుకుని నిలబడ్డవాణ్ణి ఎక్కడికని వెళ్ళి పిలుచుకు రావాలి?

మాది చిన్న చర్చి. నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది, యేసు శరీరానికీ రక్తానికీ గుర్తుగా రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడం. మా దగ్గర ఎవరూ లేచి ముందుకు వెళ్ళరు. రొట్టె ముక్కల పళ్ళెం బెంచీ వెంట బెంచీ వస్తుంది. పక్కవాడు పళ్ళెం పట్టుకుంటే మనం తీసుకోవాలి, మనం పట్టుకుంటే ఆ పక్కవాడు తీసుకోవాలి. ఎవరికి వారు అందుకోకూడదన్నది మా పెద్దల నియమం. మిషను సంగతి జరిగిన దగ్గర నుంచి చిన్నోడు బల్ల ముట్టలేదు. ప్రసంగం అయ్యేదాకా కూర్చుంటాడు. పళ్ళెం కదలగానే లేచి బయటికి పోయి, చెట్టు కింద సైకిళ్ళ దగ్గర నిలబడతాడు. ఎవరైనా అడిగితే సైకిళ్ళకు కాపలా అంటాడు. తాళాలు వేసిన సైకిళ్ళకు కాపలా ఏమిటని అడిగే తెలివి మా చర్చిలో ఎవరికీ లేకపోయింది.

నేనే అడిగాను. ఒక సాయంత్రం వాడు వరండాలో కూర్చుని అన్న బూట్లకు పాలిష్ పెడుతున్నాడు. ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాను.

"బల్లకి ఎందుకు ఉండవురా? దాపరికం లేకుండా చెప్పు."

చాలాసేపు గుడ్డతో ఒకేచోట రుద్దుతూ కూర్చున్నాడు. "ఆ పళ్ళెం పట్టుకుని ఏమంటారు వదినా? నీ కోసం విరిచిన శరీరం, నీ కోసం కార్చిన రక్తం అంటారు. నా కోసం కారిన రక్తం నేను చూశాను. కాగితాల కట్ట మొత్తం తడిసిపోయింది. ఒక్కరి రక్తమే మోయలేక చస్తున్నాను. ఇంకొకరిది కూడా ఎలా తీసుకోను?"

మాటకు మాట అప్పజెప్పడంలో నాకు మంచి పేరుంది. ఆ పేరు ఆ రోజు పోయింది.

మర్నాడు పాస్టరుగారి దగ్గరికి వెళ్ళాను. వాడితో ఏకాంతంగా నాలుగు మంచి మాటలు చెప్పమని బతిమాలాను. పాస్టరుగారు మంచి మనిషే. కానీ ఏ విషయం విన్నా ఆయన చెవికి ప్రసంగంగానే వినిపిస్తుంది. "తప్పకుండా అమ్మా, దేవుడు మార్గం చూపిస్తాడు," అన్నారు. కొరివితో తల గోక్కున్నానని నాకు ఆదివారం దాకా తెలియలేదు.

ఆ ఆదివారం బల్ల ఉంది. పాస్టరుగారు త్యాగం గురించి మొదలుపెట్టారు. గొర్రెపిల్ల గురించి, సిలువ గురించి చెప్పి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మా బెంచీ వైపు తిరిగారు. "సంఘమా, ఎక్కడికో చూడక్కర్లేదు. తమ్ముడి కోసం తన చేతిని ఇచ్చిన అన్న మన మధ్యే ఉన్నాడు. బ్రదర్, ఒక్కసారి ఆ చెయ్యి పైకెత్తండి," అన్నారు.

మా ఆయన కుడిచెయ్యి ఎప్పుడూ జేబులోనే ఉంటుంది. తమ్ముడు ఎదురుగా ఉన్నప్పుడైతే అసలే తియ్యడు. ఆయన నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను. అంతమంది తలలు తిప్పి చూస్తుంటే ఏం చేస్తాడు? ఎత్తాడు. ముందు బెంచీ పెద్దమ్మ బావురుమంది. ఒకరిని చూసి ఒకరు ముక్కులు చీదడం మొదలుపెట్టారు. "ఇలాంటి ప్రేమకు మనం ఏమిచ్చి రుణం తీర్చుకోగలం?" అని పాస్టరుగారు గొంతు పెంచారు. అది మామూలుగా ఆయన ప్రతి నెలా అనే మాటే. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో ఆ క్షణంలో చిన్నోడి మొహం చూస్తే తెలిసేది. వాడు లేచి, అందరి మోకాళ్ళనూ తప్పించుకుంటూ బయటికి వెళ్ళిపోయాడు.

పళ్ళెం వచ్చింది. మా ఆయన ఎడమచేత్తో అందుకుని, తను తీసుకోకుండా, పక్కకూ ఇవ్వకుండా అలాగే పట్టుకుని కూర్చున్నాడు. ఆయన చూపంతా వాకిలి మీదే. పక్కన కూర్చున్న టైలరు ఒకసారి దగ్గాడు. ఆయనకు వినిపించలేదు. ఆ మొహం చూస్తుంటే నాకొకటి తోచింది. తప్పో ఒప్పో నాకు తెలియదు, పాస్టరుగారిని అడగలేదు. దేవుడు కూడా ఇలాగే ఉంటాడేమో. ఇవ్వాల్సింది ఇచ్చేశాడు. తీసుకోవాల్సినవాడేమో బయట చెట్టు కింద సైకిళ్ళకు కాపలా కాస్తున్నాడు. ఇంక ఆయన చేయగలిగింది ఏముంది, పళ్ళెం పట్టుకుని వాకిలి వైపు చూడడం తప్ప? నాకు దేవుడి మీద మొదటిసారి భయం పోయి జాలేసింది.

ఇంటికి వచ్చాం. మా ఆయన కుర్చీలో కూర్చున్నాడో లేదో, చిన్నోడు అలవాటుగా కింద కూర్చుని బూటు లేసు విప్పబోయాడు. నేను పొయ్యి వెలిగించి గిన్నె ఎక్కిస్తున్నాను.

"వదులు," అన్నాడు మా ఆయన.

"ఒక్క నిమిషం అన్నయ్యా. ముడి పడింది."

"వదలమన్నానా!"

కాలు విసురుగా లాక్కున్నాడు. బూటు ఊడి ఎగిరి, గిన్నెల స్టాండుకు తగిలింది. గ్లాసులన్నీ దొర్లిపోయాయి. మా ఆయన అంత గట్టిగా అరవడం నేను విని ఏళ్ళయింది.

"నా వల్లే అన్నయ్యా. నా వల్ల అందరి ముందూ మీకు... నన్ను క్షమించండి."

"ఎన్నిసార్లురా? ఆసుపత్రి మంచం మీదే క్షమించేశాను. నువ్వడిగినప్పుడల్లా మళ్ళీ కొత్తగా ఎక్కణ్ణుంచి తెచ్చిపెట్టను?"

"మీరు దేవుడిలాంటివారు. మీ మనసు..."

"దేవుడూ లేదు, గాడిద గుడ్డూ లేదు! నాకు నా వేళ్ళు కావాలి. తెలుసా నీకు? పొద్దున లేవగానే దుప్పటి తీసి చూసుకుంటాను, ఉన్నాయేమోనని. లేని వేలు దురద పెడుతుంది, ఎక్కడని గోక్కోను? బాధ లేదు, బాధ లేదని ఊరందరికీ చెప్పుకుంటూ తిరుగుతున్నాను. పచ్చి అబద్ధం. రోజూ బాధే!"

నేను గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. పక్కన పడుకునేదాన్ని, నాకు కూడా ఈ మాట ఎప్పుడూ చెప్పలేదు.

"అయినా మళ్ళీ ఆ మిషను దగ్గర నిలబెడితే మళ్ళీ పెడతాను. కావాలంటే ఈ రెండో చెయ్యి కూడా పెడతాను. ఎందుకో తెలుసా? నాకు నా తమ్ముడు కావాలి. పనివాడు కావాలంటే జీతానికి దొరికేవాడు గదరా, వేళ్ళెందుకు పోగొట్టుకోవడం? వాడి కోసం ఇచ్చాను. వాడేడి? వేళ్ళూ పోయాయి, వాడూ పోయాడు. నాకేం మిగిలింది? ఈ బూట్ల మెరుపా?"

చిన్నోడు మెల్లగా లేచాడు. మొహం ఎర్రబడింది. ఏడుస్తాడనుకున్నాను.

"అయితే నన్నేం చెయ్యమంటావ్?" అన్నాడు. ఆ మాటతో వాడి గొంతులో ఏదో తెగిపోయింది. "ఏం చెయ్యమంటావ్ చెప్పు! నిన్నెవరు పెట్టమన్నారు చెయ్యి? నేనడిగానా? కమ్మీ కట్టేసింది నేను. పోతే నా చెయ్యి పోయేది. నా తప్పుకు నా చెయ్యి పోయుంటే హాయిగా ఉండేవాణ్ణి! నువ్వు ఎడమచేత్తో తింటుంటే ఎదురుగా కూర్చుని నాకు ముద్ద దిగుతుందనుకున్నావా? పెద్ద త్యాగమూర్తివి బయల్దేరావు! ఎవరడిగారు నిన్ను? ఎవరడిగారని?"

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఎంత మాట! మేలు చేసినవాణ్ణి పట్టుకుని అనాల్సిన మాటేనా ఇది? చెంప పగలగొట్టాలని గరిటెతో సహా ముందుకు వచ్చాను. వచ్చి, మా ఆయన మొహం చూసి ఆగిపోయాను.

ఆయన కళ్ళ నిండా నీళ్ళు. మూతి మీద మాత్రం నవ్వు. ఎన్నో ఏళ్ళ తర్వాత రైలు దిగినవాణ్ణి స్టేషనులో గుర్తుపట్టినట్టు తమ్ముణ్ణి చూస్తున్నాడు.

"అరిచాడే," అన్నాడు నాతో. "ఏమే, విన్నావా? నా మీద అరిచాడు."

చిన్నోడు రొప్పుతూ నిలబడ్డాడు. తన నోట ఏం వచ్చిందో వాడికి అప్పుడే తెలిసినట్టుంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"నువ్వడగలేదురా," అన్నాడు మా ఆయన. "నిజమే. అడిగుంటే అప్పయ్యేది. అడక్కుండా ఇచ్చినదాన్ని ఎలా తీరుస్తావు? తీర్చడానికి లేదు. నీదే అది. ఉంచుకో."

చిన్నోడు కూలబడ్డాడు. కింద కాదు, అన్న పక్కనున్న మంచం మీద. చెయ్యి చాపి, మా ఆయన జేబులోని చేతిని తనే బయటికి తీశాడు. ప్రమాదం జరిగిన దగ్గర నుంచి వాడు దాన్ని సరిగ్గా చూడలేదు. ఆ మొండి వేళ్ళను ఒక్కొక్కటిగా తడిమాడు.

"నొప్పి పుడుతుందా?"

"చలిగా ఉంటే లాగుతుంది. ఇదిగో, ఈ మధ్యది మరీను."

"ఎప్పుడూ చెప్పలేదేం?"

"నువ్వు బూట్లు తుడుస్తున్నావు కదరా, తీరికెక్కడిది?"

ఇంక మా ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. సంతకం మరిచిపోవడం, బస్సులో కమ్మీ జారిపోవడం, అద్దం ముందు పౌడరు డబ్బా మూత రాక ఏడ్చిన రోజు. అన్నీ చెప్పాడు. చిన్నోడు ఒక్క పనికీ లేవకుండా విన్నాడు. పొయ్యి మీద గిన్నె మాడుతున్న వాసన వస్తోంది. మాడితే మాడనీ అనుకుని గుమ్మంలో కూర్చుని నేనూ విన్నాను.

ఒక్క రోజులో మనుషులు మారిపోతారని పాస్టరుగారు చెప్తారు గానీ, నేను ఒప్పుకోను. మర్నాడు పొద్దున్నే వాడు మళ్ళీ బూటు, గుడ్డ పట్టుకుని కనిపించాడు. నేను చీపురు ఎత్తాను. వాడు బూటు కింద పడేసి పరిగెత్తాడు. అలా నెల గడిచింది.

మళ్ళీ బల్ల ఉన్న ఆదివారం వచ్చింది. చిన్నోడు మా ఇద్దరి మధ్య కూర్చున్నాడు. ప్రసంగం ఏమిటో నా చెవికి ఎక్కలేదు. పళ్ళెం మొదటి బెంచీ నుంచి కదిలింది. వాడి మడమలు నేల మీంచి లేచాయి. ఇప్పుడు లేస్తాడు, లేచిపోతాడు అనుకుంటూ నేను కొంగు మెలిపెడుతున్నాను. మా ఆయన వాడి వైపు చూడలేదు. ఆపే ప్రయత్నమూ చెయ్యలేదు. పళ్ళెం తన దగ్గరికి రాగానే తన ముక్క తను తీసుకుని, కుడిచెయ్యి జేబులోంచి తీశాడు. పళ్ళెం అంచును ఆ బొటనవేలికీ అరచేతికీ మధ్య ఇరికించి వాడి ముందు పట్టాడు. పళ్ళెం వణుకుతోంది. ముక్కలు ఒకదాని మీద ఒకటి జారుతున్నాయి. పడిపోతుందేమోనని చిన్నోడు రెండు చేతులూ చాపాడు పట్టుకుందామని. అంతలో ఆగాడు. పళ్ళెం మోయడానికి అక్కడ అన్న ఉన్నాడు. వాడు చేయాల్సింది తీసుకోవడం ఒక్కటే.

ఎంతసేపు ఆలోచించాడో. వెనక బెంచీలో ఎవరో కదిలారు. చిన్నోడి వేళ్ళు పళ్ళెంలోకి వెళ్ళి, అన్నింటిలోకీ పెద్ద ముక్కను వెతికి పట్టుకున్నాయి.

"అంత పెద్దదా?" అని గొణిగాడు మా ఆయన.

"నీకెందుకు? ఊరుకో," అన్నాడు చిన్నోడు నోటినిండా రొట్టెతో.

ఆ నిశ్శబ్దంలో ఆ మాట చర్చి మొత్తం వినిపించింది. ముందు బెంచీ పెద్దమ్మ వెనక్కి తిరిగి గుడ్లురిమి చూసింది. పాస్టరుగారు ప్రార్థన మధ్యలో ఆగారు. ఆయన మళ్ళీ అందుకునేలోపే నేను గట్టిగా, అందరికీ వినిపించేలా, "ఆమెన్" అనేశాను.